కొత్త కార్యదర్శికి: ఏడాది పని, పదవి అప్పగింత

చెల్లెమ్మకు ఆశీస్సులు.

జిల్లా సైన్సు సంఘానికి కార్యదర్శిగా ఎన్నికయ్యావు, చాలా సంతోషం. నేను ముఖ్యంగా చెప్పదలచింది ఒక్కటే. నీ తర్వాత ఆ బాధ్యత ఎవరు తీసుకోవాలో ఈ ఏడాది కార్యక్రమాల్లోనే తేలిపోవాలి. ఎన్నిక రోజున సభలో వెతుక్కుంటే పాతవాళ్లే మళ్లీ వస్తారు, లేదా పని తెలియనివాళ్లు వస్తారు. ఎటు జరిగినా సంఘానికే నష్టం.

ముందు కాగితాల పని. వరస తప్పకు: మొదట రిజిస్ట్రారు, తర్వాత బ్యాంకు, ఆపైన ఆదాయపు పన్ను. 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద సర్వసభ్య సమావేశమైన 15 రోజుల్లోగా కొత్త కార్యవర్గం జాబితాను జిల్లా రిజిస్ట్రారుకు అందజేయాలి. ఆ జాబితా నకలు చూపించకుండా బ్యాంకుకు వెళ్తే, సాధారణంగా అది తెమ్మనే వెనక్కి పంపుతారు. బ్యాంకు తీర్మానంలో జరిగే తప్పు దాదాపు ఎప్పుడూ ఒకటే. కొత్తవాళ్లకు అధికారం ఇస్తున్నట్టు రాస్తారు, పాతవాళ్లది రద్దయినట్టు రాయరు. ఇలా రాయించు: ‘ఇంతవరకు సంతకాలు చేసిన ఫలానా, ఫలానా వారి అధికారం నేటితో రద్దయింది. ఇకపై అధ్యక్షులు ఫలానా, కార్యదర్శి ఫలానా, కోశాధికారి ఫలానా, ఈ ముగ్గురిలో ఏ ఇద్దరి సంతకాలైనా చెల్లుతాయి.’ హోదాలు మాత్రమే కాదు, పూర్తి పేర్లు ఉండాలి. ముగ్గురిలో ఇద్దరు అని పెట్టుకుంటే ఒకరు ఊళ్లో లేకపోయినా పని ఆగదు.

ఆదాయపు పన్ను పోర్టల్లో ఫోన్ నంబరు, ఈమెయిల్ వెంటనే మార్పించు. మార్చకపోతే రిటర్ను వేసే రోజున ఓటీపీ పాత కార్యదర్శి ఫోనుకు పోతుంది, ఆయన ఏ ప్రయాణంలో ఉంటాడో తెలియదు. సంఘం ఆదాయానికి, దాతల విరాళాలకు పన్ను మినహాయింపునిచ్చే 12ఎ, 80జి పత్రాల గడువు ఎప్పుడు తీరుతుందో చూసి, అంతకు కనీసం 6 నెలల ముందే పునరుద్ధరణకు దరఖాస్తు చేయాలి.

అప్పగింత జాబితాలో అందరూ మరిచేది రసీదు పుస్తకాలు. ఏ పుస్తకం ఎవరి దగ్గరుంది, 100 ఆకుల్లో ఎన్నో నంబరు దాకా వాడారు, మిగతా ఆకులన్నీ ఉన్నాయా, నువ్వే తిప్పి చూడు. రద్దు చేసిన రసీదైతే అసలు, నకలు రెండూ పుస్తకంలోనే ఉండాలి. ఒక్క ఆకు తగ్గినా ఆ నంబరు అప్పగింత కాగితం మీద రాసి, దిగిపోయే కోశాధికారి చేత, కొత్త కోశాధికారి చేత సంతకాలు పెట్టించు. ఇది ఎవరినీ అనుమానించడం కాదు, ఇద్దరికీ రక్షణ. సమావేశాల తీర్మానాలు రాసే మినిట్స్ పుస్తకం, సభ్యుల రిజిస్టరు, ముద్ర, రిజిస్ట్రేషన్ అసలు పత్రం, టెలిస్కోపు ఐపీస్‌లు (కన్ను పెట్టి చూసే కటకాలు) కూడా అదే జాబితాలో ఎక్కాలి.

ఇక కార్యక్రమాలు. క్యాలెండరు చూసి కాదు, బడుల సెలవులు, పరీక్షలు చూసి వేసుకో. ఫిబ్రవరి 28 జాతీయ సైన్సు దినం నాటికి ఇంటర్, పదో తరగతి పిల్లలు పరీక్షల ఒత్తిడిలో ఉంటారు, కాబట్టి 6 నుంచి 9 తరగతులతోనే జరుపు. జనవరి 12 మన భీమవరంలో పుట్టిన జీవరసాయన శాస్త్రవేత్త ఎల్లాప్రగడ సుబ్బారావు జయంతి. అప్పటికి సంక్రాంతి సెలవులు వచ్చేస్తాయి, వారం ముందే జరిపేయండి.

నీడలేని రోజు, అంటే మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చి నిటారు వస్తువుల నీడ మాయమయ్యే రోజు మీద నాకు ప్రత్యేకమైన మమకారం, ఎందుకంటే దానికి ఖర్చు లేదు. హైదరాబాదులో మే 9 ప్రాంతంలో మధ్యాహ్నం 12:12కు, మళ్లీ ఆగస్టు 3 ప్రాంతంలో 12:23కు వస్తుంది. విశాఖలో మేలో ఒకటి రెండు రోజులు ఆలస్యంగా, కానీ 12 కాకముందే వస్తుంది. ఊరి అక్షాంశాన్ని బట్టి తేదీ, రేఖాంశాన్ని బట్టి సమయం మారతాయి. మేలో బడులుండవు, ఆగస్టులో మబ్బు. అందుకని మేలో కాలనీల్లో, గ్రంథాలయాల దగ్గర పెట్టు. మీటరు పొడవు పైపును తాపీమేస్త్రీ వాడే తూకపు గుండుతో నిటారుగా నిలబెట్టాలి. ఒక్క డిగ్రీ వాలినా 17 మిల్లీమీటర్ల నీడ పడుతుంది, పిల్లలు ‘నీడ ఉందిగా’ అంటారు. అరగంట ముందు నుంచి ప్రతి 5 నిమిషాలకూ నీడ కొసను సుద్దతో గుర్తు పెట్టించు. నీడ మాయమవడం ఒక్క క్షణమే, ఆ గుర్తులు మాత్రం పాఠం చెబుతాయి.

ఆకాశ దర్శనానికి పౌర్ణమి వద్దు. నిండు చంద్రుడి మీద వెలుగు ఎదురుగా పడుతుంది, నీడలుండవు, గోతులు ఆనవు. శుద్ధ సప్తమి, అష్టమి రోజుల్లో వెలుగుకూ చీకటికీ మధ్య గీత దగ్గర గోతుల అంచులు స్పష్టంగా కనిపిస్తాయి. చంద్రుడు సాయంత్రమే ఆకాశంలో ఎత్తుగా ఉంటాడు, పిల్లలు పెందరాళే ఇంటికి పోవచ్చు. వానలు తగ్గే కార్తీకం మంచి అదను. మనిషికి నిమిషం చొప్పున లెక్కేసినా, ఐపీస్ సర్దుకుంటూ పోతే ఒక టెలిస్కోపుతో గంటకు 40 మందికి మించి చూపలేం. 200 మందిని పిలిస్తే కనీసం రెండు టెలిస్కోపులు, రెండున్నర గంటలు కావాలి.

నాయకత్వం మాట ఇక్కడే వస్తుంది. ప్రతి కార్యక్రమానికీ కార్యవర్గంలో లేని ఒకరిని కన్వీనరుగా పెట్టు. 5,000 రూపాయలు అడ్వాన్సు ఇచ్చి, వారంలోగా బిల్లులతో లెక్క ఇమ్మను. ఉపన్యాసం బాగా ఇచ్చేవాళ్లు చాలామంది దొరుకుతారు. హాలు మాట్లాడి, అనుమతి తెచ్చి, కుర్చీలు తిరిగి పంపి, వారంలో లెక్క చెప్పినవాళ్లు కొద్దిమందే. వాళ్లనే గుర్తు పెట్టుకో. అమ్మాయిలకు స్వాగతోపన్యాసాలు, అబ్బాయిలకు డబ్బు లెక్కలు అనే అలవాటు చాలా సంఘాల్లో ఉంది, దాన్ని కొనసాగనివ్వద్దు. నువ్వు ఉండగానే తిరగెయ్యి.

ఎన్నికల సమావేశం జూన్, జులైల్లో పెట్టుకోండి. లెక్కల సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది, ఏప్రిల్, మేలలో ఆడిట్ పూర్తవుతుంది. ఫిబ్రవరిలో ఎన్నిక పెడితే దాదాపు ఏడాదంతా పాత కోశాధికారి రాసిన లెక్కను ముగించి ఆడిట్ చేయించే పని కొత్తవారి మీద పడి, తేడా వస్తే ఒకరి మీద ఒకరు చెప్పుకుంటారు. నోటీసు మీ నిబంధనావళిలో ఉన్నన్ని రోజుల ముందే, ఎజెండాతో సహా అందరికీ పంపు. చందా బాకీ ఉన్నవాళ్లకు ఓటు ఉందో లేదో ఆ రోజు వాదించుకోకుండా, ఓటర్ల జాబితా వారం ముందే అతికించు. కోరం, అంటే సభ చెల్లడానికి ఉండాల్సిన కనీస హాజరు, లెక్క హాజరు పుస్తకంలో సంతకాలతో తేల్చాలి, తలలు లెక్కపెట్టి కాదు.

కార్యవర్గం మొత్తం ఒకేసారి మారకుండా మూడో వంతు మందైనా కొనసాగేలా చూడు. దిగిపోయిన కార్యదర్శిని మూడు నెలలు సలహాదారుగా కూర్చోబెట్టుకో, చెక్కుల మీద సంతకం అధికారం మాత్రం ఉండకూడదు. ఇప్పటి పాత కార్యదర్శితో కూడా ఈ వారంలోనే కూర్చుని, ఆయన ఫోన్లో ఉన్న హెడ్మాస్టర్ల నంబర్లన్నీ రాయించుకో.

మీ అన్నయ్య