పెరోవ్‌స్కైట్ మీద ప్రాజెక్టు చేస్తే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా బిడ్డ నల్లగొండలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చివరి సంవత్సరం. ప్రాజెక్టుకు 'రేర్ ఎర్త్ పెరోవ్‌స్కైట్ ఆక్సైడ్' తీసుకుంది. చుట్టాలంతా ఇవన్నీ ఎందుకు, బీఈడీ చేయించమంటున్నారు. ఏం చేయమంటారు? – ఒక తండ్రి, దేవరకొండ

జవాబు: ముందే చెబుతున్నా, ఈ టాపిక్ పేరు చూసి నేరుగా ఉద్యోగం ఇచ్చే కంపెనీ మన జిల్లాలో దొరకదు. ప్రాజెక్టును మీ అమ్మాయి తన చేతులతో చేస్తే మాత్రం పరిశోధన వైపు దారి బాగుంటుంది.

పెరోవ్‌స్కైట్ అంటే ఒక రకం స్ఫటిక నిర్మాణం. లాంథనమ్ లాంటి రేర్ ఎర్త్ లోహం, మాంగనీస్ లాంటి మరో లోహం, ఆక్సిజన్ కలిసి అలా అమరితే రేర్ ఎర్త్ పెరోవ్‌స్కైట్ ఆక్సైడ్. ఉదాహరణకు లాంథనమ్ మాంగనైట్. దాన్ని తయారుచేసే అసలు పని ఇది. లాంథనమ్ ఆక్సైడ్, మాంగనీస్ ఆక్సైడ్ లెక్కగా తూచి, అగేట్ అనే గట్టి రాతి కల్వంలో గంటలకొద్దీ నూరి, ఫర్నేస్‌లో వెయ్యి డిగ్రీలు దాటించి కాలుస్తారు. మళ్లీ నూరి, బిళ్లలుగా అదిమి, మళ్లీ కాలుస్తారు. లాంథనమ్ ఆక్సైడ్ గాలిలోని తేమను, కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటుంది. ముందే బాగా వేడిచేసి తూచకపోతే లాంథనమ్ తక్కువపడి, మాంగనీస్ ఆక్సైడ్ మిగిలిపోయి, ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్‌రేలతో స్ఫటిక నిర్మాణం చూసే పరీక్ష) గ్రాఫ్‌లో అక్కర్లేని పీక్‌లు వస్తాయి. ఇంటర్వ్యూలో ఇలాంటివే అడుగుతారు. రెడీమేడ్ ప్రాజెక్టు కొనుక్కున్నవాళ్లు అక్కడే దొరికిపోతారు. దయచేసి ఆ పని మాత్రం చేయనివ్వకండి.

ఈ స్ఫటికంలో ఒక్కో మాంగనీస్ చుట్టూ ఆరు ఆక్సిజన్‌లు, వాటి మధ్య ఖాళీల్లో లాంథనమ్ ఉంటాయి. లాంథనమ్ మాంగనైట్ మామూలుగా కరెంటును సరిగా పోనివ్వదు. లాంథనమ్‌లో 30 శాతం తీసి స్ట్రాన్షియం పెడితే లోహంలా కరెంటు పోనిస్తుంది, దాదాపు 370 కెల్విన్ (సుమారు 97 డిగ్రీల సెల్సియస్) వరకు అయస్కాంత గుణం నిలుపుకుంటుంది. ఇంధనం నుంచి నేరుగా కరెంటు తీసే సాలిడ్ ఆక్సైడ్ ఫ్యూయల్ సెల్స్‌లో కాథోడ్‌గా (ఒక ఎలక్ట్రోడ్‌గా) వాడేది ఈ కుటుంబాన్నే. చిన్న మార్పుకే ఇంత తేడా వస్తుంది కాబట్టే శాస్త్రవేత్తలు దీన్ని వదలరు.

ఎక్స్‌ఆర్‌డీ డేటా చేతికొచ్చాక ఫుల్‌ప్రాఫ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో రీట్‌వెల్డ్ విశ్లేషణ (ఆ గ్రాఫ్ నుంచి స్ఫటిక నిర్మాణం వివరాలు లెక్కగట్టే పద్ధతి) తనే నేర్చుకోవాలి. సెరామిక్స్, బ్యాటరీలు, అయస్కాంతాలు, ఏ ల్యాబ్‌కు వెళ్లినా అది పనికొస్తుంది. హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ అనే పరిశోధనా సంస్థలో కొత్త పదార్థాల మీదే పరిశోధన. సెంట్రల్ యూనివర్సిటీ, ఉస్మానియా ఉండనే ఉన్నాయి.

బీఈడీ చెడ్డదేం కాదు, టీచర్ కావాలనుకుంటే అది కావాల్సిందే. కానీ ముందు సీఎస్‌ఐఆర్ నెట్ (పరిశోధన ఫెలోషిప్‌కు జాతీయ స్థాయి పరీక్ష) రాయించండి. అందులో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వచ్చి పీహెచ్‌డీలో చేరితే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ ఇస్తారు, చదువు మీకు భారం కాదు. చివరి సంవత్సరం వాళ్లూ రాయొచ్చు కాబట్టి వచ్చే నోటిఫికేషన్‌కే దరఖాస్తు పెట్టించండి. మొదటిసారి రాకపోతే బీఈడీలో చేరి, చదువుకుంటూనే మళ్లీ రాయొచ్చు.