‘న్యాయాధిపతులు’ తీర్పరులా, ఏలికలా?

సందేహం: బైబిలు పాత నిబంధనలో ‘న్యాయాధిపతులు’ అనే గ్రంథం ఉంది. అందులోని గిద్యోను, యెఫ్తా, సమ్సోను యుద్ధాలు చేసినవారే తప్ప న్యాయస్థానంలో కూర్చున్నట్టు ఎక్కడా కనబడదు. ఇక్కడ అనువాదకులు పొరబడ్డారా? పిల్లల కోసం ఈ కథలను తిరిగి రాస్తున్నాను. ‘న్యాయమూర్తి సమ్సోను’ అని రాయవచ్చునా?

సమాధానం: అనువాదకులు పొరబడలేదు. మూలపదానికి ఉన్న రెండు అర్థాలలో ఒకటి తెలుగులో పైకి తేలి, రెండోది అడుగున ఉండిపోయింది. హీబ్రూలో ఈ గ్రంథం పేరు ‘షోఫ్టీమ్’. ఇది ‘షోఫేట్’కు బహువచనం. దీనికి మూలమైన ‘షాఫట్’ అనే క్రియకు తీర్పు చెప్పడం ఒక అర్థం, పాలించడం మరొక అర్థం. ఇవి వేర్వేరు పనులని మనకు తోచడానికి కారణం కోర్టు ఒకచోట, సచివాలయం మరొకచోట ఉండే మన కాలపు ఏర్పాటే. ఆనాటి ఇశ్రాయేలు జనానికి షోఫేట్ అంటే చెడినదాన్ని చక్కబెట్టేవాడు. చెడినది ఇద్దరి మధ్య పొత్తయితే తీర్పు చెబుతాడు; పొరుగువారు వచ్చి పడి దోచుకుంటున్నారంటే మనుషులను కూడగట్టి కత్తి పడతాడు.

దీనికి నిదర్శనం ఆ గ్రంథంలోనే ఉంది. మూడో అధ్యాయం పదో వచనంలో, మొదటి న్యాయాధిపతి ఒత్నీయేలు గురించి చెబుతూ, యెహోవా ఆత్మ అతని మీదికి వచ్చిందనీ, అతడు ఇశ్రాయేలుకు ‘షాఫట్’ చేసి యుద్ధానికి బయలుదేరాడనీ ఒక్క ఊపులో అంటుంది. ఆ రెండు క్రియల నడుమ వాది, ప్రతివాది, సాక్షి నిలబడేందుకు చోటే లేదు. రెండో అధ్యాయంలో ఈ షోఫ్టీమ్ చేసిన పనిని ‘రక్షించారు’ అనే మాటతోనే చెప్పారు. మీరు పేర్కొన్న గిద్యోను విషయంలోనైతే ‘షాఫట్’ అనే క్రియనే వాడలేదు. నీవూ నీ కొడుకూ మమ్మల్ని ఏలండని జనం అడిగినప్పుడు వాడిన మాట ‘మాషల్’, అచ్చంగా ఏలడం. దానికి అతడు ఒప్పుకోలేదు.

అలాగని తీర్పు అనే అర్థం ఉత్తదేమీ కాదు. న్యాయాధిపతులలో ఒకరైన దెబోరా ఎఫ్రాయీము మన్యంలో, రామాకూ బేతేలుకూ మధ్య ఒక ఖర్జూర వృక్షం కింద కూర్చునేది. జనం తగవులు తీర్చుకోవడానికి ఆమె దగ్గరికి వచ్చేవారు. (మన రచ్చబండ గుర్తుకు రావడం సహజమే.) అయితే సేనాని బారాకును పిలిపించి యుద్ధానికి పంపింది, అతడు కోరగా తానూ వెంట వెళ్లింది ఆమే. తరువాత సమూయేలు ప్రవక్త కాలంలో ప్రజలు రాజు కావాలని పట్టుబట్టినప్పుడు, ఆ రాజు మాకు ‘షాఫట్’ చేయాలి, మా ముందు నడిచి మా యుద్ధాలు చేయాలి అన్నారు. అంటే ఆ మాట రాజుకూ చెల్లింది.

హీబ్రూకు చుట్టమైన ఫినీషియన్ మాట్లాడినవారు ఉత్తర ఆఫ్రికాలో స్థాపించిన కార్తేజ్ నగరంలో ఏటేటా ఎన్నికయ్యే ఉన్నతాధికారుల పేరు కూడా ఇదే. రోమన్ చరిత్రకారుడు లివీ దాన్ని ‘సుఫేటెస్’ అని రాసి, వారిది తమ కాన్సుల్ (రోములో ఏటా ఎన్నికయ్యే అత్యున్నత పాలకుడు) వంటి అధికారమని వివరించాడు. రోముతో యుద్ధంలో ఓడిన కార్తేజ్ సేనాని హన్నిబాల్ క్రీ.పూ. 196లో ఎన్నికైన పదవి అదే.

మరి గ్రంథం పేరులోకి ‘న్యాయం’ అనే మాట ఎక్కడి నుంచి వచ్చిందంటే, గ్రీకు అనువాదం ఈ గ్రంథానికి తీర్పరులనే అర్థం వచ్చే పేరు పెట్టింది, లాటిన్ దాన్ని అనుసరించింది, యూరప్ భాషలు లాటిన్‌ను అనుసరించాయి. వాటితో పోలిస్తే తెలుగు మాటే నయమని నా అభిప్రాయం, ఎందుకంటే ‘న్యాయాధిపతి’లో అధిపతి కూడా ఉన్నాడు. ఆ సమాసంలోని రెండో సగాన్ని మనం వినడం మానేశామంతే. ఇలాంటి జంట అర్థం మనకు కొత్తది కూడా కాదు. ‘దండం’ అంటే శిక్ష, సైన్యం కూడా. అందుకే దండుగ అంటే జరిమానా, దండనాయకుడు అంటే సేనాని, దండనీతి అంటే రాజ్యపాలన శాస్త్రం.

తెలుగు అనువాదకులకు ఈ రెండో అర్థం తెలుసుననడానికి బైబిలులోని కీర్తనల గ్రంథంలో రెండో కీర్తన పదో వచనం చూడండి. అక్కడ మూలంలో రాజులను పిలిచిన వెంటనే ‘షోఫ్టే ఎరెట్స్’ అనే సంబోధన ఉంది. ‘ఎరెట్స్’ అంటే భూమి. మాటకు మాట పెడితే ‘భూమి న్యాయాధిపతులారా’ అనాలి. మనవారు ‘భూపతులారా’ అన్నారు. రాజులకు జంటగా వచ్చిన మాట కనుక అక్కడ అదే సరైనది.

ఇక మీ కథల సంగతి. గ్రంథం పేరును ‘న్యాయాధిపతులు’ అనే ఉంచండి; అది స్థిరపడిపోయిన పేరు. ‘న్యాయమూర్తి సమ్సోను’ మాత్రం వద్దు. న్యాయమూర్తి అనగానే నల్లకోటు, ఎత్తు కుర్చీ, హైకోర్టు కళ్లముందుకు వస్తాయి. గాడిద దవడ ఎముకతో శత్రువుల మీద పడినవాడికి ఆ వేషం కుదరదు. సమ్సోను ఇరవై ఏళ్లు ‘షాఫట్’ చేశాడన్నచోట ‘ఇశ్రాయేలుకు నాయకుడిగా ఉన్నాడు’ అనండి. తోలా, యాయీరు వంటి తక్కిన న్యాయాధిపతులకూ అదే చాలు. దెబోరా కథలో మాత్రం చెట్టు కింద ఉన్నంతసేపూ ‘తీర్పు చెప్పేది’ అని రాసి, బారాకును పిలిపించిన దగ్గర నుంచి నాయకురాలనండి.