గాలి కాలుష్యం మీద గ్రాంట్‌కి రాస్తున్నారా? మళ్లీ ఆ ఇంటికి వెళ్లే ఖర్చూ వేయండి

చెన్నైలో కొత్తగా అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరానని, గాలి కాలుష్యం, ఆరోగ్యం మీద ప్రభుత్వ గ్రాంట్‌కి ఎలా రాయాలని మీరు అడిగారు. నేనూ ఇక్కడే ఓ యూనివర్సిటీలో ఉన్నానండీ. రెండుసార్లు రాస్తే రెండోసారి వచ్చింది.

ఎవరికి రాయాలన్నది పెద్ద చిక్కు కాదు. మీ ప్రశ్న జబ్బు గురించైతే వైద్య పరిశోధనకి డబ్బిచ్చే ఐసీఎంఆర్. కొలతలు, రసాయనాల వైపు మొగ్గితే సైన్సు పరిశోధనకి డబ్బిచ్చే ఏఎన్‌ఆర్‌ఎఫ్. 2023 చట్టంతో అంతకుముందు ఆ పని చేసిన సెర్బ్ దీంట్లోనే కలిసిపోయింది.

తేడా వచ్చేది బడ్జెట్ దగ్గర. మొదటిసారి నేను డబ్బంతా శాంప్లర్ల (గాలిని పీల్చి ఫిల్టర్ మీద దుమ్ము పట్టే మిషన్ల) మీద పెట్టి, ఫీల్డ్‌కి ఒక్క జేఆర్‌ఎఫ్‌ని (జూనియర్ రీసెర్చ్ ఫెలోని) చూపించాను. 200 ఇళ్లు ఒక్కరే ఎలా తిరుగుతారని కమిటీ వాళ్లు అడిగారు. నా దగ్గర జవాబు లేదు. పీఎం 2.5 (ఊపిరితిత్తుల్లోకి వెళ్లే సన్నటి ధూళి) పట్టే ఫిల్టర్‌ని తేమ అదుపులో ఉన్న గదిలో ఒక రోజు ఉంచి, పట్టకారుతో పట్టుకుని తూచాలి. దాన్ని శాంప్లర్‌లో పెట్టి, ఇంట్లో 24 గంటలు నడిపి, తెచ్చి, మళ్లీ అలాగే తూచాలి. అంటే ఇంటికి రెండు ట్రిప్పులు. మధ్యలో కరెంటు పోతే మూడోది. జేఆర్‌ఎఫ్‌కి 2023 నుంచి నెలకు 37,000, ఇంటద్దె భత్యం వేరే. వాళ్లు కాక ఆ వీధులు తెలిసిన ఇద్దరు ఫీల్డ్ వర్కర్లకి జీతం అడగండి.

ఇంకొకటి, నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది. చెన్నై ఉత్తరాన ఫ్యాక్టరీలున్న మణలి 2009లోనే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో ఉంది. అక్కడికి సర్వేలకి వచ్చేవాళ్లకి కొదవ లేదు. ఒకింట్లో నా తెలుగు యాస విని, "మనోళ్లేనా నాయనా?" అని కుర్చీ వేసిన పెద్దావిడ, మిషన్ బిగిస్తుంటే అడిగింది: "పోయినసారి రక్తం తీసుకున్నోళ్లు మళ్లీ రాలా. నువ్వైనా వస్తావా?"

ఆ రోజు రాత్రే రెండో ప్రపోజల్‌లో ఒక పద్దు చేర్చాను: ప్రతి ఇంటికీ ఫలితం తమిళంలోనో తెలుగులోనో రాసి, వెళ్లి చెప్పడానికి అయ్యే ఖర్చు. బయటి గాలికి 24 గంటల సగటు మన దేశ పరిమితి ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు, ప్రపంచ ఆరోగ్య సంస్థది 15. ఆ రెంటి పక్కన వాళ్లింటి అంకె పెట్టి చూపిస్తే ఎవరికైనా అర్థమవుతుంది. ఆ పద్దుని కమిటీలో ఎవరూ కొట్టేయలేదు.

మనుషుల మీద పరిశోధనకి అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీకి ఇప్పుడే అప్లై చేయండి. మార్చి 31 దాటగానే యూసీ (డబ్బు ఎలా ఖర్చయిందో చూపే వినియోగ పత్రం) పంపేయండి. ఒక ఏడాది మాది ఆలస్యమై, రెండో విడత డబ్బు ఆగి, ఫీల్డ్ వాళ్లకి నెలల తరబడి జీతాలు ఇవ్వలేకపోయాం. వాళ్లలో ఒకమ్మాయి పని మానేసింది. పెద్దావిడ ఇంటికి రిపోర్టు పట్టుకుని నేనే వెళ్లాను.