ప్రశ్న–జవాబు: ఫొటో ఎడిటింగ్ కంప్యూటర్‌లో డబ్బు ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న: మాది పెళ్లి ఫొటోల స్టూడియో. ఐ5 నాలుగో జనరేషన్ సిస్టమ్, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్‌డిస్క్ ఉన్నాయి. 12×36 ఆల్బమ్ షీట్లు చేస్తుంటే నాలుగో ఐదో షీటు దగ్గరికి వచ్చేసరికి ఫొటోషాప్ బిగుసుకుపోతోంది. స్క్రాచ్ డిస్క్‌లు నిండిపోయాయని మెసేజ్ వస్తోంది. 8 జీబీ గ్రాఫిక్స్ కార్డు వేయిస్తే అంతా సర్దుకుంటుందని షాపాయన అంటున్నాడు. వేయించమంటారా?
– స్టూడియో యజమాని, జనగామ

జవాబు: వద్దు. మీ సిస్టమ్‌కు ఉన్న జబ్బు వేరు, ఆయన ఇస్తానంటున్న మందు వేరు.

ఒకసారి లెక్క వేయండి. 12×36 అంగుళాల షీటు 300 డీపీఐలో అంటే 3,600 × 10,800 పిక్సెళ్లు, దాదాపు 3.89 కోట్లు. ఒక్కో పిక్సెల్‌కు ఎరుపు, ఆకుపచ్చ, నీలం కలిపి మూడు బైట్లు. అంటే ఉత్త బ్యాక్‌గ్రౌండ్ ఒక్కటే 111 ఎంబీ. కొత్త షీటు తెరిచి ఫొటోషాప్ కింద ఎడమ మూలన 'డాక్యుమెంట్ సైజెస్' ఎంచుకుని చూస్తే ఈ అంకే కనిపిస్తుంది. దాని మీదికి 24 మెగాపిక్సెల్ ఫొటో ఒకటి లాగితే ఇంకో 69 ఎంబీ. 16 బిట్‌లో చేస్తే ఇవన్నీ రెట్టింపు. టెంప్లేట్‌లో ఇరవై లేయర్లు, పైన స్మార్ట్ ఆబ్జెక్టులు, మీరు వెనక్కి వెళ్లడానికి దాచిపెట్టే 50 హిస్టరీ మెట్లు, పక్కనే మూసేయకుండా వదిలేసిన ఇంకో మూడు షీట్లు: వీటన్నిటికీ చోటు కావాలి. 8 జీబీలో విండోస్, బ్రౌజర్ తినగా మిగిలిందాంట్లో ఫొటోషాప్ మామూలుగా 70 శాతమే వాడుకుంటుంది. అది చాలనప్పుడు మిగతాది డిస్కు మీద పోస్తుంది. ఆ డిస్కు చోటునే స్క్రాచ్ అంటారు. మనం మార్చకపోతే అది సీ డ్రైవే. మీ సీ డ్రైవ్‌లో పదో పదిహేనో జీబీ మిగిలి ఉంటుంది, అంతే.

ఇది ఊహ కాదని మీరే తేల్చుకోవచ్చు. ఆ ఎడమ మూల అంకె పక్కనున్న బాణం నొక్కి 'ఎఫిషియెన్సీ' ఎంచుకోండి. పని చేస్తుండగా అది 100 శాతం దగ్గర నిలబడితే ర్యామ్ సరిపోతున్నట్టు. 80కో 60కో పడిపోతుంటే ఫొటోషాప్ డిస్కు మీద ఈదుతోందన్నమాట. మామూలు హార్డ్‌డిస్క్ వేగం సెకనుకు 150–200 ఎంబీ, అదీ వరుసగా చదివినప్పుడు. గ్రాఫిక్స్ కార్డులోని 8 జీబీ ఈ లోటును పూడ్చదు. ఆ మెమరీ లిక్విఫై, కొన్ని బ్లర్లు, జూమ్, కెమెరా రాలో గరుకు చుక్కలు తీసే డీనాయిజ్ లాంటి పనులకు. పైగా పాత సిస్టమ్‌లోని నాసిరకం ఎస్‌ఎంపీఎస్‌కు (లోపలి భాగాలకు కరెంటు ఇచ్చే డబ్బా) ఆ కార్డుకు కావాల్సిన పవర్ కనెక్టరే ఉండకపోవచ్చు.

ఇప్పటికిప్పుడు చేయాల్సింది: 500 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ వేసి విండోస్, ఫొటోషాప్ దాంట్లోకి మార్చండి. ర్యామ్‌ను 16 జీబీ చేయండి. నాలుగో జనరేషన్‌కు డీడీఆర్3 కావాలి. మీది హెచ్81 బోర్డయితే స్లాట్లు రెండే, 16 జీబీయే దాని హద్దు. ప్రిఫరెన్సెస్‌లో పెర్ఫార్మెన్స్‌కు వెళ్లి హిస్టరీ మెట్లు 50 నుంచి 20కి దించండి. స్క్రాచ్ డిస్క్స్‌లో ఎస్‌ఎస్‌డీని ఎంచుకోండి, దాంట్లో ఎప్పుడూ కనీసం 100 జీబీ ఖాళీ ఉంచండి. షీటు పూర్తయ్యాక మూసేసి తర్వాతిది తెరవడం అలవాటు చేసుకుంటే సగం బాధ తీరుతుంది.

అయితే ఇది ఒక సీజన్ నెట్టుకురావడానికే. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగింది. విండోస్ 11 జాబితాలో, ఏడో జనరేషన్‌లోని కొన్ని మోడళ్లు తప్ప, ఇంటెల్ ఎనిమిదో జనరేషన్ కంటే పాతవి లేవు. కాబట్టి పాత బోర్డు మీద అంతకు మించి రూపాయి పెట్టొద్దు.

కొత్తది కట్టించేటప్పుడు సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీకే వెళ్లినా, మీ ఊళ్లోనే చేయించినా కొటేషన్‌లో '32 జీబీ ర్యామ్, 1 టీబీ ఎస్‌ఎస్‌డీ' అని రాసిస్తే ఒప్పుకోకండి. కంపెనీ, మోడల్ నంబరు రాయించండి. తేడాలన్నీ అక్కడే ఉంటాయి. ప్రాసెసర్ రైజెన్ 5 7600 గానీ ఐ5 14400 గానీ చాలు. ఫొటోషాప్‌లో చాలా పనులు ఒకటి రెండు కోర్ల వేగం మీదే నడుస్తాయి. లైట్‌రూమ్‌లో వెయ్యి ఫొటోలు ఎక్స్‌పోర్ట్ పెట్టినప్పుడు మాత్రం కోర్లు ఎక్కువుంటే లాభం. పేరు చివర 'ఎఫ్' ఉన్న ప్రాసెసర్‌కు లోపల గ్రాఫిక్స్ ఉండదు. కార్డు కొనకుండా అది తీసుకుంటే మానిటర్ మీద బొమ్మే రాదు. ర్యామ్ 32 జీబీ కావాలి. ఒకే స్టిక్‌గా వద్దు, 16 జీబీవి రెండు. నాలుగు స్లాట్ల బోర్డులో ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి సాధారణంగా రెండు, నాలుగు స్లాట్లలో పెట్టాలి. ఐ5కు వేసే బీ760 బోర్డు డీడీఆర్4లోనూ డీడీఆర్5లోనూ దొరుకుతుంది. ఒకదాని ర్యామ్ ఇంకోదాంట్లో పట్టదు, గాటు ఉండే చోటే వేరు. 1 టీబీ ఎన్‌వీఎంఈ (సాటా కంటే వేగమైన రకం) ఎస్‌ఎస్‌డీలో విండోస్, లైట్‌రూమ్ కేటలాగ్, ప్రస్తుతం చేస్తున్న రెండు మూడు పెళ్లిళ్లు ఉంచండి. డెలివరీ అయిపోయినవి 4 టీబీ హార్డ్‌డిస్క్‌లోకి. మరీ చవకైన క్యూఎల్‌సీ రకం ఎస్‌ఎస్‌డీ మొదటి కొన్ని జీబీలు పరుగెత్తి, కాష్ (వేగంగా రాసుకునే కొద్దిపాటి చోటు) నిండగానే హార్డ్‌డిస్క్‌లా నడుస్తుంది. పెళ్లి మొత్తం ఒకేసారి కాపీ చేసేవాళ్లకు ఆ సంగతి మొదటిరోజే తెలిసిపోతుంది.

ఇక గ్రాఫిక్స్ కార్డు. లైట్‌రూమ్‌లో 2023లో వచ్చిన ఏఐ డీనాయిజ్ మీరు రోజూ వాడేటట్టయితే అప్పుడు కొనండి. రాత్రి ముహూర్తాల్లో 6400 ఐఎస్‌ఓలో తీసినవాటికి అది నిజంగా పనికొస్తుంది. 8 జీబీ ఆర్‌టీఎక్స్ కార్డుతో సెకన్లలో అయ్యే ఫొటో, కార్డు లేకపోతే నిమిషాలు తీసుకుంటుంది. కార్డు వేశాక మానిటర్ కేబుల్ కార్డు పోర్టుకే తగిలించారా, పాత అలవాటుగా మదర్‌బోర్డు పోర్టుకా, వెనక్కి వంగి ఒకసారి చూడండి. ఈ పొరపాటు మనం అనుకునేకంటే ఎక్కువచోట్ల ఉంటుంది.

ప్రశ్న: మానిటర్ మీద ఫొటోలు చక్కగా కనిపిస్తాయి. ల్యాబ్ నుంచి ప్రింట్ వచ్చేసరికి ముఖాలు నల్లబడతాయి, పెళ్లికూతురి ఎర్ర పట్టుచీర ముద్దలా ఉంటుంది, జరీ గీతలు కనిపించవు. ల్యాబ్‌వాళ్లు తప్పు మాది కాదంటున్నారు.
– ఆల్బమ్ డిజైనర్, తెనాలి

జవాబు: ల్యాబ్‌వాళ్లు చెప్పిందే నిజం కావచ్చు. మీరు రాసినవి రెండు వేర్వేరు సమస్యలు.

ముఖాలు నల్లబడడానికి కారణం మానిటర్ వెలుతురు. కొత్త మానిటర్లు కొట్లో మెరవడానికి 250, 300 నిట్ల (తెర వెలుతురు కొలత) మీద వస్తాయి. అంత వెలుగులో ఏ ఫొటో అయినా ప్రకాశంగానే ఉంటుంది కాబట్టి మీరు ఎక్స్‌పోజర్ తగ్గించేస్తారు. ప్రింట్ కోసం పనిచేసే మానిటర్ 80 నుంచి 120 నిట్ల మధ్య ఉండాలి. మీటరు లేకపోతే ఇలా చేయండి. ఫొటోషాప్‌లో తెల్లటి ఖాళీ షీటు తెరిచి, ట్యూబ్‌లైట్ వెలుగులో ఒక తెల్లకాగితం మానిటర్ పక్కన పట్టుకోండి. స్క్రీన్ దీపంలా వెలగకుండా కాగితంలా కనిపించేదాకా బ్రైట్‌నెస్ తగ్గించండి. మొదటి రెండు రోజులు చీకటిగా అనిపిస్తుంది, తర్వాత కన్ను అలవాటుపడుతుంది. విండోస్‌లో నైట్ లైట్, మానిటర్‌లో 'వివిడ్', 'డైనమిక్ కాంట్రాస్ట్' లాంటివి ఆపేయండి. కిటికీ వెలుగు స్క్రీన్ మీద పడకూడదు. గది గోడలకు గులాబీ రంగో పచ్చరంగో ఉంటే దాని ప్రభావం మీ కంటి మీద ఉంటుంది.

చీర సంగతి వేరు. బడ్జెట్ లాప్‌టాప్‌ల స్పెసిఫికేషన్‌లో చిన్న అక్షరాల్లో '45 శాతం ఎన్‌టీఎస్‌సీ' అని ఉంటుంది, తెర చూపగలిగే రంగుల కొలత అది. ఎస్‌ఆర్‌జీబీ అనే మామూలు రంగుల శ్రేణిలో మూడింట రెండొంతులు కూడా చూపించలేని తెర అది. దాంట్లో ఎరుపు వెలిసినట్టుంటుంది. మీకేమో చీర కళ్లముందు నిగనిగలాడాలి, అందుకని సాచురేషన్ పెంచుకుంటూ పోతారు. ఫైల్లో మాత్రం రెడ్ ఛానెల్ 255 దగ్గర తల గోడకు కొట్టుకుని ఆగిపోయి ఉంటుంది. చీర మడతల మీద కర్సర్ పెట్టి ఇన్ఫో ప్యానెల్ చూడండి. మడత పైనా లోపలా కూడా ఆర్ 255 అనే వస్తుంటే మడతకూ మడతకూ ఎరుపులో తేడా లేదు, ప్రింటరు ఏం చూపిస్తుంది? ఛానెల్స్‌లో రెడ్ ఒక్కటే తెరిస్తే చీరంతా తెల్లటి అట్టలా కనిపిస్తుంది. హ్యూ సాచురేషన్‌లో రెడ్స్ మాత్రమే ఎంచుకుని, అంకె 245 లోపుకి దిగేదాకా తగ్గించండి. జరీ మళ్లీ తేలుతుంది. రా ఫైలైతే ఈ పని కెమెరా రాలోనే చేయడం మేలు.

ల్యాబ్‌కు పంపేటప్పుడు ఎక్కువచోట్ల అడిగేది 8 బిట్ ఎస్‌ఆర్‌జీబీ జేపెగ్, మీ ల్యాబ్‌ను కూడా ఓసారి అడగండి. అడోబీ ఆర్‌జీబీలో ఉన్న ఫైలు ప్రొఫైల్ చూడని మిషన్‌కు వెళ్తే రంగులు చప్పబడతాయి. మార్చేటప్పుడు 'కన్వర్ట్ టు ప్రొఫైల్' వాడాలి. 'అసైన్' వాడితే అంకెలు అవే ఉండి రంగులు మారిపోతాయి.

మానిటర్ కొంటే 24 గానీ 27 గానీ అంగుళాల ఐపీఎస్ (ఏ వైపు నుంచి చూసినా రంగు పెద్దగా మారని ప్యానెల్), ఎస్‌ఆర్‌జీబీ 99–100 శాతం అని రాసున్నది తీసుకోండి. కొట్లోనే తల పైకీ కిందికీ కదిపి చూడండి, చర్మం రంగు మారుతుంటే అది టీఎన్ ప్యానెల్, వదిలేయండి. తర్వాత కొనాల్సింది కాలిబ్రేటర్. తెర ముందు పెట్టే చిన్న సెన్సర్ అది. మానిటర్ ఆన్ చేసి అరగంటయ్యాక 6500 కెల్విన్, గామా 2.2, 100 నిట్లకు సరిచేయాలి, నెలకోసారి. ఒక్కరికి ఖరీదనిపిస్తే ఊళ్లో నలుగురు స్టూడియోవాళ్లు కలిసి కొనుక్కోండి. ప్రాసెసర్‌ను ఒక మెట్టు తగ్గించైనా సరే ఈ రెండూ కొనమనే మేం చెబుతాం.

ప్రశ్న: క్యాబినెట్ ముట్టుకుంటే వేళ్లు జిల్లుమంటున్నాయి. టెస్టర్ పెడితే సన్నగా వెలుగుతోంది. ఎస్‌ఎంపీఎస్ మార్చినా అంతే.
– హోసూరు

జవాబు: ఎస్‌ఎంపీఎస్ తప్పు లేదు, మీ సాకెట్‌లో ఎర్త్ లేదు. ప్రతి ఎస్‌ఎంపీఎస్‌లో ఫేజ్ నుంచీ న్యూట్రల్ నుంచీ బాడీకి చిన్న ఫిల్టర్ కెపాసిటర్లు ఉంటాయి. ఎర్త్ లేకపోతే బాడీ మీద సరఫరాలో సగం, అంటే 115 వోల్టుల దాకా తేలుతుంది. కరెంటు చాలా తక్కువ కనుక జిల్లుమంటుంది అంతే. కానీ అదే బాడీకి ఇంకో పరికరం హెచ్‌డీఎంఐ కేబుల్ తగిలించినప్పుడు చిటుక్కుమని పోర్టు పోతుంది. కొందరు ఎలక్ట్రీషియన్లు సాకెట్‌లో న్యూట్రల్‌నే ఎర్త్ పిన్‌కు కలిపి 'అయిపోయింది' అంటారు. అస్సలు ఒప్పుకోకండి. ఎక్కడైనా న్యూట్రల్ తెగితే క్యాబినెట్ మీద పూర్తి 230 వోల్టులు నిలబడతాయి. ఎర్త్ గుంత సరిచేయించండి. జిల్లుమనడం కాకుండా గట్టిగా కొడితే మాత్రం ముందు ప్లగ్ పీకేయండి.

ప్రశ్న: 64 జీబీ కెమెరా మెమరీ కార్డు కంప్యూటర్‌లోకి కాపీ అవడానికి అరగంట పడుతోంది. కార్డు మార్చాలా?
– నర్సీపట్నం

జవాబు: ముందు కార్డ్ రీడర్ మార్చండి. యూఎస్‌బీ 2.0 రీడర్ సెకనుకు 35 ఎంబీ దగ్గర ఆగిపోతుంది, 64 జీబీకి సరిగ్గా మీరు చెప్పిన అరగంటే. యూఎస్‌బీ 3.0 రీడర్‌ను క్యాబినెట్ వెనకున్న నీలం పోర్టుకు పెడితే మామూలు యూహెచ్‌ఎస్–1 కార్డే 90 ఎంబీ దాకా ఇస్తుంది, పన్నెండు నిమిషాల్లో అయిపోతుంది. కార్డు వెనక రెండో వరస పిన్నులుంటే అది యూహెచ్‌ఎస్–2, దానికి తగ్గ రీడర్ ఉంటేనే ఆ వేగం. కట్–పేస్ట్ చేయొద్దు. కాపీ చేసి, రెండో డిస్కులో కూడా పడ్డాక కెమెరాలోనే ఫార్మాట్ కొట్టండి.

ప్రశ్న: మా అన్నయ్య డాలస్ నుంచి వస్తూ లాప్‌టాప్ తెస్తానంటున్నాడు. ఫొటోషాప్ కోసం మాక్‌బుక్ ఎయిర్ చెప్పనా, విండోస్ చెప్పనా? అక్కడి కరెంటుకు చేసింది ఇక్కడ పనిచేస్తుందా?
– డిగ్రీ విద్యార్థిని, గుంటూరు

జవాబు: కరెంటు గురించి బెంగ వద్దు. అడాప్టర్ మీద 100–240 వోల్టులు అని ఉంటే ఇక్కడి ప్లగ్ ఒక్కటి మార్చుకుంటే చాలు. మాక్ అయితే తెర చాలా బాగుంటుంది, కానీ ర్యామ్, స్టోరేజీ తర్వాత పెంచుకునే వీల్లేదు. డిస్కౌంట్‌లో పెట్టే పాత 8 జీబీ మోడళ్లు వద్దు, 16 జీబీ, 512 జీబీ అడగండి. శుభలేఖల పని కోసం అను తెలుగు ఫాంట్లు వాడతారా? అయితే మీ దగ్గరున్న వెర్షన్ మాక్‌లో నడుస్తుందో లేదో కనుక్కున్నాకే మాక్ మాట. విండోస్ అయితే 16 జీబీ, ఎస్‌ఆర్‌జీబీ 100 శాతం తెర, ఖాళీగా ఒక ర్యామ్ స్లాట్ ఉన్నది చూడమనండి. వారంటీ ఇండియాలో చెల్లుతుందా అన్నది ఆ మోడల్ పేరుతో కంపెనీని అడగాలి, కొన్నిటికి చెల్లదు. అన్నయ్యను టికెట్‌కు కనీసం మూడు వారాల ముందే కొనమనండి. అక్కడే డబ్బా విప్పి, తెరను పూర్తి తెలుపు, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం చేసి చచ్చిన పిక్సెళ్లు వెతకాలి. ఒక రోజంతా వాడి చూడాలి. గుంటూరు వచ్చాక చుక్క కనిపిస్తే, కొట్టుకు తిరిగివ్వడానికి గడువు ఉండదు.