సారె మీద మూడు నిమిషాలు, చేతికి రావడానికి మూడు వారాలు

ప్రశ్న: హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. ఎనిమిది నెలలుగా శని, ఆదివారాల్లో పాటరీ క్లాసుకి వెళ్తున్నాను. సారె (కుమ్మరి చక్రం) ముందు కూర్చుంటే ఆఫీసు టెన్షన్ గుర్తే రాదు. ఉద్యోగం మానేసి సొంత స్టూడియో పెట్టుకోవాలని ఉంది. రోజంతా ఇదే పనిలో ఉండేవాళ్ల జీవితం ఎలా ఉంటుందండీ?

జవాబు: ఉన్నదున్నట్టు చెప్తాను, ఏమీ అనుకోకండి. క్లాసులో మీరు చేస్తున్నది ఈ పనిలో చిన్న ముక్క. మీరు వెళ్లేసరికి మట్టి పిసికి ముద్దలు చేసి పెట్టి ఉంటారు, మీరు ఇంటికొచ్చేశాక ఆ కప్పుని ఆరబెట్టి, కాల్చి, గ్లేజ్ (గాజులా మెరిసే పూత) వేసి, మళ్లీ కాల్చేది ఇంకెవరో. సొంత స్టూడియోలో అదంతా మీదే. నా వారంలో సారె మీద కూర్చునేది రెండు రోజులు. మిగతాదంతా మట్టి పిసకడం, మిగిలిన మట్టిని నానబెట్టి మళ్లీ పనికొచ్చేలా చేసుకోవడం, పాత్రల అడుగులు చెక్కడం, పిడులు అతికించడం, గ్లేజ్ జల్లెడ పట్టడం, కొరియర్‌కి ప్యాకింగ్, నేల తుడవడం. ఆ నేలని మాత్రం చీపురుతో ఊడ్చకండి, తడిగుడ్డతోనే తుడవండి. ఆరిన మట్టి దుమ్ములో సిలికా ఉంటుంది, ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి.

కప్పు సారె మీద మూడు నిమిషాల్లో లేస్తుంది, చేతికి రావడానికి మూడు వారాలు పడుతుంది. మన ఏప్రిల్, మే ఎండలకి అంచు గంటలోనే ఆరిపోతుంది, అడుగు ఇంకా పచ్చిగానే ఉంటుంది, పిడి దగ్గర బీటలు వస్తాయి, అందుకని కవర్లు కప్పి నెమ్మదిగా ఆరనివ్వాలి. వానాకాలంలోనేమో ఎంతకీ ఆరదు. మొదటి కాల్పు 1,000 డిగ్రీల దగ్గర, గ్లేజ్ వేశాక రెండోది 1,200 దాటి. చల్లారడానికి ఒక రోజు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. మొదటి ఏడాది నేను ఆగలేక 200 డిగ్రీలు ఉండగానే కిల్న్ (పాత్రలు కాల్చే కొలిమి) తలుపు తీశాను, నాలుగు పెద్ద పళ్లేలూ నా కళ్ల ముందే పగిలాయి. నెల రోజుల పని.

డబ్బు సంగతికొస్తే, ఉద్యోగం ఇప్పుడే మానకండి. 1938లో వియన్నా వదిలి లండన్ చేరిన పాటర్ లూసీ రీ యుద్ధకాలంలో బట్టల మీదకి మట్టి గుండీలు చేసి బతికారు. ఆ గుండీల పనిలో సాయానికే 1946లో హాన్స్ కోపర్ ఆమె దగ్గర చేరారు. ఇద్దరూ తర్వాత పాటర్లుగా ఎంతో పెద్ద పేరు తెచ్చుకున్నారు. మీ గుండీలు ఏవో ముందు చూసుకోండి. క్లాసులు చెప్పడమా, హోటళ్లకి గిన్నెలు చేయడమా, ఏదైనా సరే, నెలనెలా వచ్చేది ఒకటుండాలి.

ప్రశ్న: మా తాతగారు కుమ్మరి పని చేసేవారు. మాది గోదావరి పక్క పల్లె. ఆయన వాడిన చెరువు మట్టితోనే స్టోన్‌వేర్ కప్పులు చేయొచ్చా?

జవాబు: ఆ మట్టి మీద మీకున్న ప్రేమ అర్థమైంది. కానీ మీ తాతగారు కుండలు కాల్చిన ఆవం వేడి వేరు, స్టోన్‌వేర్ వేడి వేరు. ఆయన కుండ తక్కువ వేడిలో కాలి, సన్నని రంధ్రాలతో ఉంటుంది, ఆ రంధ్రాల్లోంచి నీరు ఊరి ఆవిరి కాబట్టే లోపలి నీళ్లు చల్లబడతాయి. స్టోన్‌వేర్ రాయిలా బిగుసుకోవాలి, చుక్క కూడా ఊరకూడదు. చెరువు మట్టిలో ఇనుము ఎక్కువ ఉంటే 1,200 దగ్గర ఉబ్బిపోవచ్చు, కరిగి కిల్న్‌లోని షెల్ఫుకి అంటుకోవచ్చు కూడా. అందుకని గోళీ అంత ముద్దని స్టోన్‌వేర్ మట్టి సాసర్‌లో పెట్టి కాల్చి చూడండి. కరిగిందా, సంతోషించండి, మీకు గ్లేజ్ దొరికినట్టే! ఆ మట్టినే నీళ్లలో కలిపి, జల్లెడ పట్టి, స్టోన్‌వేర్ కప్పు మీద పూస్తే గోధుమరంగో, నలుపో వస్తుంది. ఇది నాకు ఎంతో ఇష్టమైన పని.

ప్రశ్న: మా టీచర్ ఒకే కప్పుని వందసార్లు చేయమంటున్నారు. బోర్ కొడుతోంది. సొంత డిజైన్లు ఎప్పుడు చేయాలి?

జవాబు: టీచర్ మాట వినండి. పేరున్న పాటర్లు బెర్నార్డ్ లీచ్, షోజీ హమాడా 1920లో ఇంగ్లండ్‌లోని సెయింట్ ఐవ్స్‌లో మొదలుపెట్టిన పాటరీలో తర్వాతి కాలంలో అప్రెంటిస్‌లు అవే జగ్గులు, అవే గిన్నెలు మళ్లీ మళ్లీ చేస్తూనే పని నేర్చుకున్నారు. మనకి దగ్గర్లో చూస్తే, రే మీకర్, డెబొరా స్మిత్ 1971లో పాండిచ్చేరిలో పెట్టిన గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ ఉంది, రోజూ వాడుకునే పాత్రలకి పేరుపడ్డ చోటు, మన దేశంలోని మంచి స్టూడియో పాటర్లు ఎంతోమంది అక్కడ నేర్చుకున్నవాళ్లే. ఆ మీకర్‌గారే తర్వాత మట్టితో ఇల్లు కట్టి, ఆ ఇంటినే ఆవంలా లోపల నుంచి కాల్చే ప్రయోగాలు చేశారు.

సొంత డిజైన్ కాగితం మీద పుట్టడం నా విషయంలో చాలా తక్కువ. చేయి ఆకారాన్ని ఆలోచించకుండా చేసే స్థితికి వచ్చాక, ముప్ఫయ్యో కప్పు దగ్గరో నలభయ్యో కప్పు దగ్గరో నడుం కొంచెం లోపలికి వెళ్తుంది, అది బాగుందనిపిస్తుంది, తర్వాత పది కప్పులు దాని వెంటే పోతాయి. మీరు 350 గ్రాముల ముద్దలు తూచి యాభై కప్పులు చేయండి, వరుసగా పెట్టి చూడండి, నచ్చిన మూడింటిని ఉంచుకోండి. మిగతావి కాల్చొద్దు, పూర్తిగా ఎండాక బకెట్ నీళ్లలో వేసేయండి. సగం తడి మీద వేస్తే సరిగ్గా కరగవు, గుర్తుంచుకోండి.