జీమెయిల్ డిలీట్ చేసినా మెయిల్స్ వస్తూనే ఉన్నాయా?

డిలీట్ నొక్కి వారమైనా పాత జీమెయిల్‌కి మెయిల్స్ వస్తున్నాయంటే, గూగుల్ పంపిన కన్ఫర్మేషన్ లింకు మీరు నొక్కి ఉండరు. అది పాత ఇన్‌బాక్స్‌కి రాదు, డిలీట్ చేసేటప్పుడు మీరిచ్చిన వేరే అడ్రసుకి వస్తుంది. అక్కడ స్పామ్ కూడా చూడండి. ఆ లింకు తెరిచి ఓకే చేసేదాకా పాతది మామూలుగానే నడుస్తుంది.

ఒకందుకు మంచిదే అయింది. లింకు నొక్కేముందు ఇవి చూసుకోండి:

1. పాత ఇన్‌బాక్స్‌లో వెరిఫై, పాస్‌వర్డ్, వెల్‌కమ్ అనే మాటలు ఇంగ్లీషులో టైప్ చేసి వెతకండి. ఆ ఐడీతో ఎక్కడెక్కడ అకౌంట్లు తెరిచారో బయటపడుతుంది.

2. ఒక్కోదాంట్లో మెయిల్ మార్చండి, బ్యాంకువి ముందు. చాలామంది మర్చిపోయేది రికవరీ మెయిల్. చాలాచోట్ల అది సెక్యూరిటీ సెట్టింగ్స్‌లో విడిగా ఉంటుంది. అక్కడ పాతదే మిగిలితే, రేపు పాస్‌వర్డ్ మర్చిపోయినప్పుడు రీసెట్ లింకు మూసేసిన డబ్బాలోకి పోతుంది.

3. మార్చాక లాగౌట్ అయి, ఫర్‌గాట్ పాస్‌వర్డ్ నొక్కండి. మెయిల్ కొత్తదానికి వస్తేనే మారినట్టు.

4. కావలసిన పాత మెయిల్స్ గూగుల్ టేకౌట్‌తో (మన డేటా కాపీ దింపుకోవడానికి గూగుల్ ఇచ్చే సర్వీసు) దింపుకోండి.

జీమెయిల్ సర్వీసు ఒక్కటే తీసేస్తే డ్రైవ్, ఫొటోలు ఉంటాయి. గూగుల్ అకౌంటే డిలీట్ చేస్తే అవీ పోతాయి, ఏది ఎంచుకున్నారో ఒకసారి చూసుకోండి.