గొర్రె కండలో మైక్రోఆర్ఎన్ఏ కొలవబోయే అమ్మాయికి

నెల్లూరు

అమ్మణ్ణీ, ఆశీస్సులు.

నెల్లూరు జోడిపి రకం గొర్రెపిల్లల కండలో మైక్రోఆర్ఎన్ఏలు చూస్తానని రాశావు. చాలా సంతోషం. మొదలుపెట్టే ముందు ఒక లెక్క మనసులో పెట్టుకో. మైక్రోఆర్ఎన్ఏ అంటే జన్యువుల పనిని అదుపు చేసే చిన్న ఆర్ఎన్ఏ ముక్క. అది జన్యువును ఆర్పేయదు, దీపం వత్తి కాస్త తగ్గిస్తుంది. అది అదుపు చేసే జన్యువుల్లో, అంటే టార్గెట్లలో, చాలావాటికి మెసెంజర్ ఆర్ఎన్ఏ (ప్రోటీన్ తయారీకి జన్యువు పంపే నకలు) సగానికి కూడా పడిపోదు. ఆర్ఎన్ఏ ఎంతుందో కొలిచే క్యూపీసీఆర్ యంత్రంలో రెండింతల తేడా అంటే ఒక్క సైకిల్. నువ్వు వెతికేదంతా ఆ ఒక్క సైకిల్ లోపలే ఉంటుంది.

అందుకే శాంపిల్ తీసే చోటే సగం పని తేలిపోతుంది. మే నెల ఎండలో మాంసం ముక్క బల్ల మీద పడి ఉంటే ముందుగా విరిగేది పొడవాటి మెసెంజర్. మైక్రోఆర్ఎన్ఏ 22 అక్షరాలది (న్యూక్లియోటైడ్లది), దాన్ని మోసే ఆర్గోనాట్ ప్రోటీన్ ఒళ్ళో కూర్చుని తట్టుకుంటుంది. తర్వాత యంత్రం చూస్తే మిర్-206 (కండలో ఉండే ఒక మైక్రోఆర్ఎన్ఏ) ఎక్కువ, టార్గెట్ తక్కువ. నీకు కావలసిన జవాబే! ఎండ చేసిన పనిని మిర్-206 ఖాతాలో రాసేస్తావు.

గొర్రె కోసిన వెంటనే, ప్రతిసారీ ఒకే కండ, ఒకే చోట తీసుకో. వీపు కండ అనుకుంటే 12, 13 పక్కటెముకల మధ్యే. మెల్లగా పనిచేసే కండలో మిర్-206 ఎక్కువుంటుంది గనక, ఒక పిల్లకు వీపు, ఇంకో పిల్లకు తొడ తీస్తే నువ్వు పోల్చేది పిల్లల్ని కాదు, కండల్ని. కొవ్వు, పొర తీసేసి అర సెంటీమీటరు కన్నా మందం లేకుండా కొయ్యి. 100 మిల్లీగ్రాముల ముక్కకు 1 మిల్లీలీటరు ఆర్ఎన్ఏలేటర్ (ఆర్ఎన్ఏ పాడవకుండా కాపాడే ద్రవం), ఒక రాత్రి 4 డిగ్రీల్లో, ఆ తర్వాతే ఫ్రీజర్‌లో. ముక్క మందమైతే మందు లోపలికి పోదు, నడుమ పాడవుతుంది. దీనికన్నా ద్రవ నత్రజనే నాకు నచ్చుతుంది. పశువులకు ఎద సూదులు వేసే కేంద్రాల్లో అది ఎలాగూ ఉంటుంది, అడిగి చూడు.

ఆర్ఎన్ఏ తీసేటప్పుడు మామూలు సిలికా కాలమ్ వాడొద్దు. అది 200 అక్షరాల లోపువాటిని జారవిడుస్తుంది. చిన్న ఆర్ఎన్ఏ కోసం చేసిన కాలమ్‌లో కూడా ఇథనాల్ ఒకటిన్నర వంతులు పోయకపోతే అంతే సంగతి. కండను కరిగించి ఆర్ఎన్ఏ విడదీసే ట్రైజాల్ ద్రవం పద్ధతిలో అయితే 50-100 మిల్లీగ్రాముల కండకు 1 మిల్లీలీటరు. కడిగేటప్పుడు 75 బదులు 80 శాతం ఇథనాల్ పెట్టుకో, చిన్నవి కరిగిపోకుండా ఉంటాయి. అడుగున చేరిన ఆర్ఎన్ఏ ముద్దను (పెల్లెట్‌ను) మరీ ఎండబెట్టకు, మళ్ళీ కరగదు.

మిర్-1, మిర్-206 విషయంలో ఒళ్ళు దగ్గర పెట్టుకో. రెండింటి మొదటి పది అక్షరాలూ ఒకటే, మొత్తం 22లో తేడా నాలుగే. కొలవాల్సినదాన్ని పట్టే డీఎన్ఏ ముక్క, అంటే ప్రైమర్, ఒకదాన్ని పట్టబోయి ఇంకోదాన్ని పట్టేస్తుంది. రెండూ కృత్రిమంగా చేయించుకుని, ఒక్కొక్కదాన్ని రెండో ప్రైమర్‌తో నడిపి ఎంత లీకవుతుందో ముందే చూసుకో. పోలికకు మామూలుగా వాడే యూ6 అనే చిన్న ఆర్ఎన్ఏ ఒక్కదాన్నే నమ్ముకోకు; నీ శాంపిళ్ళలోనే అలాంటివి రెండు మూడు పరీక్షించి స్థిరంగా ఉన్నవి ఎంచుకో.

టార్గెట్ల జాబితా కంప్యూటర్ వందల్లో ఇస్తుంది. అది ఆరా మాత్రమే, రుజువు కాదు. ఎంచుకున్న జన్యువు 3-ప్రైమ్ చివరను (మెసెంజర్ తోకను) వెలుగునిచ్చే లూసిఫరేస్ జన్యువు వెనక తగిలించు, సీడ్ (మైక్రోఆర్ఎన్ఏ మొదటి కొన్ని అక్షరాలు) అతికే చోట మూడు నాలుగు అక్షరాలు మార్చిన జోడీ కూడా పెట్టు. మార్చినదాంట్లో వెలుగు తిరిగి రాకపోతే నీ ఊహ తప్పే. కణాల్లోకి పంపే కృత్రిమ మైక్రోఆర్ఎన్ఏ, అంటే మిమిక్, 20-50 నానోమోలార్ చాలు. ఎక్కువ పోస్తే ఆర్గోనాట్లన్నీ దానికే ఖర్చయి, సంబంధం లేని జన్యువులు కూడా కదులుతాయి.

ఇంకొకటి, ఇది తక్కువ ఖర్చులో అయ్యేది. కండ బాగా పట్టే టెక్సెల్ జాతి గొర్రెల్లో, కండ పెరుగుదలను అడ్డుకునే మయోస్టాటిన్ జన్యువు చివర ఒక జి అక్షరం ఏ గా మారి మిర్-1, మిర్-206 అతుక్కునే చోటు కొత్తగా పుట్టిందనీ, దాంతో మయోస్టాటిన్ తగ్గి కండ పెరిగిందనీ 2006లో తేలింది. జోడిపిలో ఆ అక్షరం ఏదో ముందు సీక్వెన్స్ చేయించు. జి అని వచ్చినా అది ఫలితమే, రాసి పెట్టుకో.

కండ జబ్బుల కోణంలో రక్తం కూడా చూస్తానన్నావు. డుషెన్ అనే కండ క్షీణించే జబ్బున్న పిల్లల సీరంలో మిర్-1, 133, 206 పెరుగుతాయన్నది నిజమే. కానీ అవి దెబ్బతిన్న కండ నుంచి కారేవి. చాలా దూరం నడిపించిన గొర్రెలోనూ, కండకు సూది వేసిన గొర్రెలోనూ పెరగొచ్చు. అందుకని విశ్రాంతిగా ఉన్నప్పుడే తియ్యి. హెపారిన్ ట్యూబు వద్దు, పీసీఆర్‌ను ఆపేస్తుంది. ఊదా మూత ఈడీటీఏ వాడు, రెండు గంటల్లోపు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పెయ్యి. ప్లాస్మా ఎర్రగా కనిపిస్తే ఆ ట్యూబు పక్కన పెట్టెయ్యి, ఎర్రకణాల మిర్-16, మిర్-451 అంతా కలిసిపోయినట్టే.

నత్రజని క్యాన్ తెచ్చేటప్పుడు మూత బిగించొద్దు, ఆవిరికి దారి లేకపోతే పేలుతుంది. బండి అద్దాలు దించి నడపమను.

ఆశీస్సులతో,
మామయ్య